టీవీలో మా ఊరొచ్చింది అక్కా, ఇప్పుడు ఇల్లు కొనాలా వద్దా?

ఉత్తరం:

"అక్కా నమస్తే. మాది నారాయణపేట దిక్కు. పెళ్లయినంక ఫ్రాన్స్ వచ్చినం, క్రోజ్ జిల్లాల ఉంటం, ఒబ్యుసోన్ కి దగ్గర్ల చిన్న టౌను. ఊరి పేరు మాత్రం రాయకు అక్కా, ఇక్కడ మనోళ్లు తక్కువ గదా, రాస్తే నేనే అని తెలిసిపోతది. మా ఆయన ఒక చిన్న ఫ్యాక్టరీల ఇంజినీరు. మొన్న టీవీల ఇండ్ల డిజైన్ ప్రోగ్రాంల మా ఊరు వచ్చింది. మా వీధిలనే చర్చి ఎనకాల ఉన్న పాత ఇల్లు పారిస్ జంట ఒకటి కొని మొత్తం కొత్తగ చేయించుకున్నరు, దాని మీదనే ఎపిసోడ్. డ్రోన్ తోటి పైకెళ్లి ఊరు, పొద్దుగాల మంచు, వాగు, బ్రిడ్జి ఎంత మంచిగ చూపెట్టిన్రో. కానీ మూతబడ్డ మటన్ దుకాణం లేదు, 'ఇల్లు అమ్మబడును' బోర్డులు లేవు, వీధిల ఒక్క కారు లేదు, మేమైతే అస్సలు లేము. పక్కింటి పెద్దామె కూడ చూసి, అందంగనే ఉంది గానీ ఇది మన ఊరు కాదన్నది. మా అమ్మనేమో ఆ వీడియో చుట్టాల గ్రూపుల పెట్టి, మా బిడ్డ ఉండే ఊరు సూడున్రి అని ఒకటే సంబరం. నాకు లోపల ఎట్లనో అయితుంది. ఇది కుళ్లా అక్కా? ఇంకోటి, అదే వీధిల మేం చాన దినాల సంది చూస్తున్న ఇల్లొకటి ఉంది. ఎపిసోడ్ వచ్చినంక ఓనరు రేటు పెంచిండు, పారిస్ నుంచి ఫోన్లు వస్తున్నయి, నెలాఖరుకల్లా చెప్పున్రి అంటుండు. మా ఆయన ఇప్పుడు కొనకపోతే ఇంక దొరకదంటడు, కొన్నంక గోడలు గీకిచ్చి టీవీల లెక్క రాయి కనపడేటట్టు చేయిద్దామంటడు. మా తాత బొంబాయి పోయి తాపీ పని చేసినోడు, ఆయన ఉంటే అడుగుదును. నువ్వు ఆర్కిటెక్ట్ ఆఫీసుల పని చేస్తవు గదా, నువ్వే చెప్పు."

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ నెలాఖరు గడువుని మనసులోంచి తీసెయ్. అది ఓనర్ పెట్టిన గడువు, ఇంటికి గానీ మీ డబ్బుకి గానీ దానితో ఏ సంబంధం లేదు. పారిస్ నుంచి నిజంగా ఫోన్లు వస్తుండొచ్చు, కాదనను, ఎపిసోడ్ వచ్చిన వారం రెండు వారాలు అందరూ ఫోన్లు చేస్తారు, అందులో ఎంతమంది రైలెక్కి వచ్చి, చలికాలంలో ఆ ఇంట్లో నిలబడి చూసి, బ్యాంకు లోన్ పెట్టుకుని సంతకం దాకా వస్తారు అన్నది అసలు ప్రశ్న. ఫ్రాన్స్ లో టీవీ వల్ల నిజంగా తలరాత మారిన ఊళ్ళు ఉన్నాయి. 2012 నుంచి ప్రతి ఏడూ ఫ్రాన్స్ ప్రభుత్వ టీవీలో ఫ్రెంచి వాళ్ళకి ఇష్టమైన ఊరు అని పోటీ పెడుతున్నారు కదా, 2016లో గెలిచిన రోష్‌ఫోర్-ఆన్-తెర్ లో ఉండేవాళ్ళు కొన్ని వందల మందే, చూడ్డానికి వచ్చేవాళ్ళు ఏటా లక్షల్లో. కానీ అది దేశం మొత్తం కూర్చుని చూసి ఓట్లేసే పోటీ, పైగా ఆ ఊరు అంతకుముందే టూరిస్టుల ఊరు. ఒక ఇంటి డిజైన్ మీద ఒక ఎపిసోడ్ వస్తే క్రోజ్ లో వీధి వీధంతా రేట్లు లేచిపోవు.

నా మాట నమ్మక్కర్లేదు, లెక్క నువ్వే చూసుకోవచ్చు. 2019 నుంచి ఫ్రాన్స్ ప్రభుత్వం ఇళ్ళ అమ్మకాల రికార్డులు ఉచితంగా ఆన్‌లైన్ లో పెడుతోంది, డే-వే-ఎఫ్ అంటారు దాన్ని, గత ఐదేళ్ళలో మీ వీధిలో ఏ ఇల్లు ఎంతకి అమ్ముడైందో మ్యాప్ మీద నొక్కితే కనిపిస్తుంది, ఇల్లెంత, స్థలమెంత, తేదీ, ధర అన్నీ. ఆ పారిస్ జంట కొన్న ధర కూడా అందులో దొరకొచ్చు, ఎపిసోడ్ లో చెప్పకపోయినా సరే. ఏడాదికి రెండుసార్లే అప్‌డేట్ చేస్తారు కాబట్టి మొన్న మొన్నటి అమ్మకాలు ఉండవు, అంతే. ఆ కాగితం ప్రింట్ తీసుకుని ఓనర్ ముందు పెట్టండి, గొడవ పడక్కర్లేదు, ఈ వీధిలో ధర ఇదండీ, మీ రేటు ఇదండీ అని మెల్లగా చెప్తే చాలు. క్రోజ్ అంటే ఫ్రాన్స్ మొత్తంలో ఇళ్ళు బాగా చవగ్గా దొరికే జిల్లాల్లో ఒకటి, అది ఓనర్ కీ తెలుసు. నీ ఉత్తరంలోనే ఉంది చూడు, వీధిలో అమ్మబడును బోర్డులు ఉన్నాయని. అన్ని ఇళ్ళు ఖాళీగా ఉన్న చోట కొనేవాళ్ళదే పైచేయి.

ఆ ఇళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయో నీకు తెలిసే ఉండొచ్చు, తెలియకపోతే తెలుసుకో, ఎందుకంటే నీకు లోపల ఎట్లనో అవుతోంది అన్నావే, దానికి జవాబు కూడా అక్కడే ఉంది అని నాకనిపిస్తోంది.

మీ క్రోజ్ జనం కొన్ని వందల ఏళ్ళు వలసపోయి బతికిన జనం. భూమి చాలదు, నేల గ్రానైటు, పంట అంతంత మాత్రం, అందుకని చలికాలం అయిపోగానే మగాళ్ళు మూట కట్టుకుని నడుచుకుంటూ పారిస్ పోయేవాళ్ళు, అక్కడ రాయి కొట్టి, సున్నం కలిపి, గోడలు లేపి, మళ్ళీ చలికాలానికి ఇంటికొచ్చేవాళ్ళు. సేద్యం, గొడ్లు, పిల్లలు, ముసలోళ్ళు అన్నీ ఆడవాళ్ళ మీదే. మార్టిన్ నాదో అని ఒకాయన, 1815లో క్రోజ్ లోనే పుట్టాడు, 1830లో తండ్రి చెయ్యి పట్టుకుని కాలినడకన పారిస్ బయల్దేరాడు, అప్పటికి 14 ఏళ్ళు. సాయంత్రాలు తోటి మేస్త్రీలకి చదువు చెప్పేవాడు, 1849లో పార్లమెంటుకి గెలిచాడు, 1851 చివర్లో అప్పటి అధ్యక్షుడు లూయీ నెపోలియన్ అధికారం మొత్తం లాక్కున్నాక దేశం నుంచి వెళ్ళగొట్టారు, ఇంగ్లాండ్ లో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుని బతికాడు, 1870లో తిరిగొచ్చి మళ్ళీ పార్లమెంటులో కూర్చున్నాడు. ఇళ్ళ పని నడిస్తే అన్నీ నడుస్తాయి అని ఫ్రెంచోళ్ళు ఇప్పటికీ అనే మాట ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. పారిస్ ఇరవయ్యో వార్డులో ఆయన పేరు మీద ఒక కూడలి ఉంది. 1850ల నుంచి ఓస్మాన్ అనే పెద్ద అధికారి పారిస్ ని పడగొట్టి మళ్ళీ కట్టించాడు కదా, ఆ కట్టిన చేతుల్లో మీ జిల్లా చేతులు చాలా ఉన్నాయి.

తర్వాత రైళ్ళొచ్చాయి. నడిచిపోయి తిరిగొచ్చేవాళ్ళు కాస్తా రైలెక్కి భార్యాపిల్లలతో అక్కడే ఉండిపోయారు. 1851లో క్రోజ్ జనాభా 2,80,000 పైన, ఇప్పుడు 1,15,000 దరిదాపుల్లో. మీ వీధిలో తాళం పెట్టిన ఇళ్ళు, మూతబడ్డ దుకాణం, ఇవన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే, నిన్నా మొన్నా వచ్చిన కరువు కాదిది.

నువ్వు నారాయణపేట బిడ్డవి, మీ తాత బొంబాయి పోయిన మేస్త్రీ, నీకు ఇంతకంటే వివరంగా నేను చెప్పాలా తల్లీ? పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ మూల డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పిలిచేవాళ్ళు, ఊళ్ళో ముసలోళ్ళూ పిల్లలూ మిగిలేవాళ్ళు, పండక్కి బస్సులు నిండి తిరిగొచ్చేవాళ్ళు. ఆ టీవీ వాళ్ళకి ఆ ఊరు అందంగా కనపడింది, మంచిదే, కానీ ఆ అందం కట్టింది పొట్ట చేతపట్టుకుని పోయినోళ్ళు, వేరే నగరంలో మెడలు వంచి పని చేసి, ఆ కూలి డబ్బుతో సొంతూళ్ళో నాలుగు రాతి గోడలు లేపుకున్నోళ్ళు. ఆ సంగతి ఎపిసోడ్ లో ఒక్క నిమిషమైనా లేదు కాబట్టే పక్కింటి పెద్దామె అది మన ఊరు కాదన్నది, నీకూ అట్లాగే అనిపించింది. దీన్ని కుళ్ళు అనరు. నువ్వు బతుకుతున్న చోటుని, నువ్వు రోజూ రొట్టె కొనుక్కుని మనుషుల్ని పలకరించే చోటుని, మనుషుల్లేకుండా చూపిస్తే ఎవరికైనా కడుపులో తిప్పినట్టే ఉంటుంది. కుళ్ళు అయితే ఆ పారిస్ జంట ఇల్లు నీకు కావాలనిపించాలి, నీ ఉత్తరం మొత్తంలో ఆ ముక్క ఎక్కడా లేదు, మటన్ దుకాణం ఎందుకు చూపించలేదని బాధపడ్డావు నువ్వు.

ఆ జంట మీద కూడా కోపం పెట్టుకోకు. పడిపోయే ఇంటిని ఎవరో ఒకరు డబ్బు పెట్టి నిలబెట్టారు, పైకప్పు వేయించారు, ఆ పని చేసినవాళ్ళు చుట్టుపక్కల మేస్త్రీలే అయ్యుంటారు. అది ఊరికి మంచే. పలకరించు, పని ఎవరు చేశారో అడుగు, ఎవరు చెప్పిన టైముకి వచ్చారు ఎవరు రాలేదు అన్నది వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలీదు, టీవీలో చెప్పని విషయాలు వంటింట్లో కూర్చోబెట్టి చెప్తారు.

ఇప్పుడు మీ ఆయన గోడలు గీకించే ముచ్చట. ఇది నేను కాస్త గట్టిగానే చెప్తాను, ఆయన ఏమీ అనుకోవద్దు.

మీ వైపు గోడ ఎట్లా కడతారో తెలుసా, రెండు వైపులా గ్రానైటు రాళ్ళు పేర్చి మధ్యలో చిన్న రాళ్ళు కూరతారు, మందం అరమీటరు పైనే. మీ దగ్గర సున్నపురాయి దొరకదు, సున్నం ఎక్కడో దూరం నుంచి బండ్ల మీద రావాలి, ఖరీదు, అందుకని సామాన్యుల ఇళ్ళలో గోడ లోపల ముద్ద ఎక్కువగా మట్టి, నలిగిన గ్రానైటు ఇసకే ఉంటుంది. సున్నం పైపూతకి మాత్రం వాడేవాళ్ళు. బాగా చెక్కిన రాయి మూలలకి, దర్వాజలకి, కిటికీలకి పెట్టారు, ఎందుకంటే అది కనపడాలని పెట్టింది. మధ్యలో ఉన్న గుండ్రాళ్ళు, ముక్కరాళ్ళు కనపడాలని పెట్టినవి కావు, వాటి మీద గిలాబు ఉండాల్సిందే. ఆ గిలాబు గోడకి చలికోటు, వాన నీళ్ళని లోపలికి పోనివ్వదు, లోపలి చెమ్మని బయటికి వదులుతుంది. ఇప్పుడు టీవీలో బావుందని దాన్ని గీకేస్తే చల్లటి రాయి గదిలోకి వస్తుంది, లైటింగ్ పెట్టి షూట్ చేస్తే బంగారంలా ఉంటుంది, జనవరిలో ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టాలంటే హీటర్ ఆపడానికి ఉండదు. ఆ జంట ఇంట్లో ఒక గోడ అట్లా వదిలారేమో, వాళ్ళు ఏడాదిలో ఎన్ని నెలలు ఉంటారో కనుక్కో.

దీనికంటే పెద్ద ప్రమాదం సిమెంటు. 1950ల తర్వాత ఈ పాత ఇళ్ళకి రాళ్ళ మధ్య సందుల్లో సిమెంటు కూరడం, బయట సిమెంటు గిలాబు కొట్టడం మొదలైంది, గట్టిగా ఉంటుందని. మట్టిముద్ద గోడ నేలలోంచి చెమ్మ తాగుతుంది, సున్నం అయితే ఆ చెమ్మ ఆవిరై పోతుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, లోపలే పైకి పాకుతుంది. మళ్ళీ ఆ ఇంటికి పోయినప్పుడు ఇట్లా చూడు: కింది గదిలో బయటి గోడ దగ్గర వంగి, నేల నుంచి మోకాలి దాకా, నడుం దాకా చేత్తో తడుము. పైనకంటే కింద చల్లగా, తడిగా తగులుతుందా, పెయింటు ఉబ్బి చిటికేస్తే పొడిగా రాలుతుందా, తెల్లగా ఉప్పు పేరుకుని ఉందా, మన దగ్గర చౌడు పట్టిందంటామే అదే. అల్మారా ఉంటే తలుపు తీసి వాసన చూడు. కొత్తగా తెల్ల పెయింటు వేసిన గోడ ఒక్కటే ఉంటే దాని గురించి రెండుసార్లు అడుగు. తర్వాత బయటికొచ్చి అదే గోడ అవతలి వైపు చూడు, సందుల్లో ముదురు బూడిద రంగు గట్టి గీతలుంటే అది సిమెంటు, లేత రంగులో మెత్తగా ఉండి తాళంచెవితో గీకితే కాస్త రాలితే సున్నమో మట్టో. మీ తాత ఉంటే ఈ పని అడక్కుండానే చేసేవాడు. ఆ సిమెంటు తీయించి సున్నం పెట్టించడం చెయ్యదగ్గ పనే, మన పాత గడీల్లో వాడిన డంగు సున్నం లాంటిదే ఇక్కడా, తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, లోపల చలి తగ్గాలంటే హెంప్ అనే నార మొక్క గడ్డీ సున్నమూ కలిపి పూస్తారు, గోడ ఊపిరీ ఆడుతుంది, వెచ్చగానూ ఉంటుంది. నేనైతే ఆ ఇంట్లో ఒక్క డిజైన్ లైటు కొనకముందు ఈ పనికీ, పైకప్పుకీ డబ్బు పక్కన పెడతాను.

పైకప్పు మాట వచ్చింది కాబట్టి, అటక ఎక్కకుండా ఏ సంతకం పెట్టొద్దు. దూలాల్లో పురుగు తొలిచిన పొడి, పెంకు సందుల్లోంచి వెలుతురు, దూలం గోడలో కూర్చున్న చోట నల్లబడటం, ఇవి చూడాలి. దగ్గర్లో ఉన్న పైకప్పు పనోణ్ణి పిలిచి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి, పని చేసేవాళ్ళ దగ్గర పదేళ్ళ గ్యారంటీ ఇన్సూరెన్స్ కాగితం అడగండి, ఇక్కడ చట్టం ప్రకారం వాళ్ళకది ఉండి తీరాలి.

కాగితాల సంగతి గబగబా చెప్పేస్తా. ఆ ఇంటి కరెంటు-హీటింగ్ రేటింగ్, అదే డే-పే-ఎ, ఏ నుంచి జీ దాకా ఉంటుంది, అమ్మేవాళ్ళు ఇవ్వాల్సిందే. రేటింగ్ ఈ, ఎఫ్, జీ లలో ఏదైనా అయితే ఎనర్జీ ఆడిట్ కూడా ఓనరే చేయించి చూడ్డానికి వచ్చిన మొదటిసారే మీకు చూపించాలి, ఇప్పటిదాకా చూపించలేదంటే బేరానికి అదొక పాయింటు. ఎప్పుడైనా అద్దెకిద్దాం అనుకుంటే గుర్తుంచుకో, జీ ఇళ్ళని 2025 జనవరి నుంచి కొత్తగా అద్దెకివ్వడానికి లేదు, ఎఫ్ కి 2028, ఈ కి 2034. నోటరీ ఖర్చులు పాత ఇంటికి ధర మీద 7 నుంచి 8 శాతం వేసుకోండి. ముందస్తు ఒప్పందం మీద సంతకం పెట్టాక కూడా కొనేవాళ్ళకి 10 రోజులు టైముంటుంది, కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు, పైసా పోదు. లోన్ రాకపోతే ఒప్పందం రద్దు అనే షరతు అందులో తప్పకుండా రాయించండి. హీటింగ్, ఇన్సులేషన్ కి ప్రభుత్వం ఇచ్చే మా-ప్రిమ్-రెనోవ్ డబ్బు ఉంది, రూల్స్ మాటిమాటికీ మారుతున్నాయి, ఫ్రాన్స్ రెనోవ్ కౌంటర్ లో అడగండి, కానీ పని మొదలుపెట్టాక అప్లై చేస్తే రాదు, ముందే చెయ్యాలి.

కిటికీలు, తలుపులు, బయటి రంగు, ఏది మార్చాలన్నా మునిసిపల్ ఆఫీసులో ముందు డిక్లరేషన్ పెట్టాలి. ఇల్లు చర్చి వెనక వీధిలోనే అన్నావు, ఆ చర్చి రక్షిత కట్టడం అయితే దాని చుట్టూ మామూలుగా 500 మీటర్ల లోపు ఏం మార్చినా ప్రభుత్వ ఆర్కిటెక్ట్ చూసి సరే అనాలి, 1943 నుంచి ఉన్న రూల్ ఇది, దానికి ఒక నెల కాకుండా రెండు నెలలు పడుతుంది. చాలామంది తిట్టుకుంటారు, ప్లాస్టిక్ కిటికీ పెట్టనివ్వలేదని, రంగు ఒప్పుకోలేదని. నేను తిట్టను. మీ ఊరు డ్రోన్ లోంచి అంత బావుందంటే ఈ రూల్ వల్ల కూడా, లేకపోతే ఇప్పటికి సగం కిటికీలు తెల్ల ప్లాస్టిక్ అయిపోయేవి.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. 1977 నాటి ఆర్కిటెక్చర్ చట్టంతో జిల్లాల్లో ఒక సలహా ఆఫీసు వచ్చింది, సే-ఆ-యూ-ఎ అంటారు, మీ క్రోజ్ లో కూడా ఉంది. ఇల్లు కట్టుకునేవాళ్ళకి, బాగుచేసుకునేవాళ్ళకి అక్కడి ఆర్కిటెక్టులు ఉచితంగా సలహా ఇస్తారు. అమ్మేదేమీ లేదు వాళ్ళకి, ఏ కంపెనీ టైల్సూ అంటగట్టరు. అపాయింట్‌మెంట్ తీసుకుని మీ ఆయన్ని కూడా పట్టుకెళ్ళు, గోడ గీకించే మాట ఆయన్నే అడగనీ, నేను చెప్పినదానికంటే వాళ్ళు మీ గోడ ఫోటో చూసి చెప్పింది ఆయనకి ఎక్కువ ఎక్కుతుంది.

ఇక అసలు ప్రశ్న, కొనాలా వద్దా. నాకు నీ ఉత్తరంలో ఎక్కడా ఆ ఇల్లు ఇష్టం లేదన్న మాట కనపడలేదు, ఎపిసోడ్ రాకముందు నుంచే చూస్తున్నారు, ఊళ్ళో ఉద్యోగం ఉంది, పక్కింటామె నీతో కూర్చుని టీవీ గురించి మాట్లాడుతోంది, ఇవి చిన్న విషయాలు కావు. గోడ, అటక, కాగితాలు సరిగ్గా ఉండి, పాత ధరకి కాస్త అటూ ఇటూగా ఓనర్ దిగొస్తే కొనుక్కోండి. దిగిరాకపోతే ఆగండి, చలికాలం రానివ్వండి, డిసెంబర్ లో ఆ బోర్డులన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కటి మాత్రం వద్దు, రేపు రేటు పెరిగితే అమ్మేద్దాం అనే లెక్క మీద కొనకండి, క్రోజ్ లో ఆ లెక్క పారదు, అక్కడ ఇల్లు కొంటే ఉండటానికే కొనాలి.

పిల్లల చదువు, బడి ఉంటుందా మూసేస్తారా, డాక్టరు ఉన్నాడా, మీ ఆయన ఫ్యాక్టరీ నిలబడుతుందా, ఇవి మాత్రం టీవీ వాళ్ళు చెప్పరు, నేనూ చెప్పలేను, మునిసిపల్ కౌన్సిల్ మీటింగులు అందరూ వెళ్ళి కూర్చోవచ్చు, వెళ్ళి వినండి. 2020లో ప్రభుత్వం చిన్న టౌన్ల కోసం రేపటి చిన్న నగరాలు అని ఒక పథకం పెట్టి 1,600 పైగా ఊళ్ళని తీసుకుంది, మీ ఊరు అందులో ఉందో లేదో మేయర్ ఆఫీసులో అడుగు, ఉంటే మెయిన్ రోడ్డు దుకాణాలకి ఏం చేయబోతున్నారో కూడా అడుగు. నీ భాష గురించి మొహమాటపడకు, పన్ను కట్టే మనిషివి, ఆ వీధిలో ఉండే మనిషివి, మూతబడ్డ దుకాణం సంగతి అడిగే హక్కు డ్రోన్ ఎగరేసినవాళ్ళకంటే నీకే ఎక్కువ ఉంది.

అమ్మ విషయం. ఆవిడ సంబరాన్ని చెడగొట్టకు, బిడ్డ దూరదేశంలో చల్లగా ఉందని నలుగురికీ చెప్పుకోవాలని ఏ తల్లికి ఉండదు చెప్పు. కాకపోతే ఆ వీడియో ఒక్కటే ఆవిడ దగ్గర ఉండిపోకుండా నువ్వొకటి తీసి పంపు. సంత రోజున ఫోన్ పట్టుకుని వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడువు, మూసిన దుకాణం, తెరిచిన బేకరీ, పక్కింటామె, చెత్తబండి, అన్నీ రానీ. పాత ఇళ్ళ దర్వాజల మీద అడ్డరాయి ఉంటుంది కదా, తలెత్తి చూడు, మీ వైపు చాలావాటి మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంటుంది, కొన్నిటి మీద పేర్ల పొడి అక్షరాలు కూడా. అట్లాంటిది ఒకటి దగ్గరగా చూపించి, ఇక్కడోళ్ళు కూడా మన తాత లెక్కనే మేస్త్రీ పనికి పట్నం పోయినోళ్ళే అమ్మా, ఆ పైసలతో కట్టుకున్న ఇండ్లివి అని చెప్పు. గ్రూపులో ఉన్న చుట్టాల్లో సగం మందికి అది ఆ డ్రోన్ షాట్ కంటే బాగా అర్థమవుతుంది.

ఆవిడ ఎప్పుడైనా ఫ్రాన్స్ వస్తే ముందు ఐఫిల్ టవర్ కాదు, ఒబ్యుసోన్ లో 2016లో తెరిచిన టేపెస్ట్రీ మ్యూజియంకి తీసుకెళ్ళు, టేపెస్ట్రీ అంటే గోడకి వేలాడదీసే బొమ్మల నేత. 1665లోనే రాజుగారి గుర్తింపు పొందిన నేత అది, 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అడ్డంగా పరిచిన మగ్గం మీద బొమ్మ కాగితం పడుగు కింద పెట్టుకుని వెనకవైపు నుంచి నేస్తారు, మగ్గం మీంచి కోసి దించేదాకా నేసినాయనకి ముందువైపు పూర్తిగా కనపడదు, మధ్యమధ్యలో కింద అద్దం పెట్టి చూసుకుంటారు. నారాయణపేట చీరలు నేసే ఊరి నుంచి వచ్చిన మనిషికి అక్కడ గైడ్ అక్కర్లేదు, నువ్వు చూస్తూ ఉండు, ఆ నేసేవాళ్ళతో సైగల్తోనే మాట్లాడేస్తుంది.

సే-ఆ-యూ-ఎ కి వెళ్ళేటప్పుడు ఇంటి నాలుగు వైపులా ఫోటోలు, లోపల చెమ్మ ఉన్న చోట దగ్గర నుంచి తీసిన ఫోటోలు, భూమి రికార్డు మ్యాపు కాపీ, అటక కొలతలు తీసుకెళ్ళండి. ఎనర్జీ రేటింగ్ కాగితం, పైకప్పు ఎస్టిమేట్ చేతికొచ్చాక నాకు పంపు, పేరూ ఊరూ రాయకుండానే చూసి చెప్తాను, ఓనర్ తో మాట్లాడేది ఆ తర్వాతే.